జులపాల గోమాత గృహప్రవేశం

ఆ రోజుల్లో నా నోట్లో ఎప్పుడూ ఒకటే మాట ఉండేది: "నేను చూసుకుంటాగా." ఉద్యోగంలో చేరిన కొత్త. ప్లేనోలో అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే మకాం, అక్క చేతి తిండి, బావ పాత కారు. ఆఫీసులో మేనేజర్ ఏం చెప్పినా ఆ మాటే, ఇంట్లో అక్క ఏం చెప్పినా ఆ మాటే. నిజంగా చూసుకున్న దాఖలాలు మాత్రం తక్కువ. అందుకే నేనలా అనగానే బావ, "ఐతే ఇంకొకళ్ళకి కూడా చెప్పి ఉంచుదాం" అనేవాడు. (నవ్వుతూనే అనేవాడు. అదే ఎక్కువ గుచ్చుకునేది.) కాబట్టి వాళ్ళు ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం పెట్టుకున్నప్పుడు, ఆవు సంగతి నాకొదిలేయమని నలుగురిలో పంతం పట్టి మరీ ఒప్పించాను. బావ దగ్గర పరువు దక్కించుకోవడానికి నాకు దొరికిన అవకాశం అదొక్కటే.

ఈ దేశంలో ఆవు దొరకడం మీరనుకున్నంత కష్టమేం కాదు. ఊరి బయట పశువులు పెంచే రాంచ్ ఉన్న ఒకాయన మన గృహప్రవేశాలకు బాగా అలవాటు పడిపోయి, ఆవునీ దూడనీ ట్రైలర్‌లో తెచ్చి, గుమ్మం తొక్కించి తీసుకెళ్తుంటాడు. నేనూ ఆయన్నే బుక్ చేశాను. ఆదివారం పొద్దున్న అందరూ కొత్తింటి ముందు పట్టుచీరలతో, జీన్స్‌లతో చేరాక, ముహూర్తానికి ఇంకాసేపు ఉందనగా ఆయన ఫోన్ చేశాడు. ఆవు ఈవేళ ట్రైలర్ ఎక్కనంటోంది, బతిమాలి చూశాం, కదలట్లేదు, ఏమీ అనుకోవద్దు అన్నాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, కట్టి ఉన్న మావిడాకుల తోరణాన్నే మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను.

"ఒరేయ్, ఆవేదిరా?" అంది అక్క వెనకనించి.

"అదీ... రానంటోందే."

అక్క పట్టుచీరతోనే మెట్టు మీద కూలబడింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు దాటితే తర్వాతంతా మూఢం, మంచిరోజు లేదు. అపార్ట్‌మెంట్ లీజేమో నెలాఖరుకి ఐపోతోంది. పంతులుగారికి ఇక్కడ కాగానే ఫ్రిస్కోలో ఇంకో గృహప్రవేశం ఉంది. ఆయనే దయతలచి, "కంగారు పడకండమ్మా, విగ్రహమో పటమో ఐనా ఫర్లేదు. గోవు ముఖం కనబడితే చాలు" అన్నారు. అక్క దగ్గర వెండి ఆవూదూడా ఉన్నాయి కానీ, అవి గరాజ్‌లో కప్పు దాకా పేర్చిన అట్టపెట్టెల్లో ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. (ఆ పెట్టెలు సర్దింది కూడా నేనే. ఆ సంగతి అప్పుడు గుర్తుచేయడం మంచిది కాదనిపించింది.)

అప్పుడు గుర్తొచ్చాడు పక్కింటి గరాజ్ తాత. కొత్తింట్లో పెట్టెలు దింపడానికి వచ్చినప్పుడల్లా గరాజ్ తలుపు ఎత్తుకుని అందులో చెక్కలు కోసుకుంటూ ఉంటాడని ఆయనకి నేను పెట్టిన పేరది. రిటైరైన ఇంజనీరు. వాళ్ళ పూర్వీకులది స్కాట్లండ్. ఆ దేశపు కోటలనీ, కొండలనీ, ముళ్ళపూలనీ పల్చటి చెక్కల్లో కోసి, పొర వెనక పొర అంటించి గోడకి తగిలించుకునే బొమ్మలు చేస్తాడు. ఈమధ్యే ఒక ఆవుని చేశాడు. అన్నిటికన్నా వెనక పొరలో కొండలు, దాని ముందు పొగమంచు, దాని ముందు ఆవు, అన్నిటికన్నా ముందు నుదుటి మీంచి మూతి దాకా పాయలు పాయలుగా వేలాడే జుట్టు. అక్కడి చలికి ఆవులకి అలాగే జులపాలు పెరుగుతాయట.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి ఆయన ఏదో స్కాటిష్ మేళాకి బయల్దేరుతూ, మోకాళ్ళ దాకా లంగాలాంటి గళ్ళ కిల్ట్ కట్టుకుని ఉన్నాడు. ఆ బొమ్మ మేళాలో పెట్టడానికే. ఐనా నా మొహం చూసి చేతిలో పెట్టేశాడు. "నీళ్ళు మాత్రం తగలనీయకు, పాలిష్ ఇంకా ఆరలేదు" అన్నాడు. (ఇంగ్లీషులోనే అన్నాడు, నాకు గుర్తున్నది తెలుగులో.) నేను యథాప్రకారం నేను చూసుకుంటానన్నాను.

బావ కొత్త టీవీకి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కాగితం దానికి చుట్టి గుమ్మం ముందు నిలబెట్టాను. అక్క అత్తగారు వచ్చీ రాగానే ఆ కాగితం ఊడబెరికారు. "గోమాతకి ఊపిరాడద్దూ?" అన్నారు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"అబ్బాయ్, దీనికి కళ్ళేవీ?"

"జుట్టు వెనకాల ఉంటాయండి అత్తయ్యగారూ."

"ఉంటాయంటే? నువ్వు చూశావా?"

చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ టార్చ్ వేసి, చెక్కపాయల సందుల్లోంచి తొంగి చూశాను. చీకటి తప్ప ఏమీ కనబడలేదు. "కళ్ళు లేని గోవు వెంట కొత్తింట్లో అడుగుపెడతారుటయ్యా?" అన్నారావిడ కొడుకుతో. పంతులుగారు వాచీ చూసుకున్నారు. బావ నావైపు తిరిగి, "మొత్తానికి బాగానే చూసుకున్నావు బావమరిదీ" అన్నాడు. ఈసారి నవ్వలేదు. అక్క కొంగుతో మొహం తుడుచుకునే వంకతో కళ్ళు తుడుచుకుంది. ఇంక నా బతుక్కి ఆ నెలాఖరుకి నేనే వేరే అపార్ట్‌మెంట్ చూసుకోవడం మంచిదనుకున్నాను.

ఇంతలో బొమ్మ ఏమైందో చూసుకుందామని తాతే వచ్చాడు. ఆయన కిల్ట్ చూసి అక్క మామగారి మొహం వెలిగిపోయింది. "చూశారర్రా, శుభకార్యానికి ప్యాంటు వేసుకోకుండా వచ్చినవాడు నాకు తోడు ఒకడైనా ఉన్నాడు" అన్నారు జీన్స్‌లో ఉన్న మా కుర్రకారుని చూస్తూ. నేను తాతకి, మావాళ్ళు ఈ ఆవుకి కళ్ళున్నాయా అని అడుగుతున్నారని చెప్పాను. ఆయన, తనింట్లోవాళ్ళని ఎవరో ఏదో మాట అన్నట్టు చూశాడు. వంగి మేజోడులోంచి చిన్న కత్తి తీశాడు. (అది వాళ్ళ వేషంలో భాగమట. ఆడవాళ్ళందరూ రెండడుగులు వెనక్కి వేశారు.) ఇంకా పూర్తిగా పట్టని జిగురు కింద దాన్ని జొనిపి, జుట్టు పొరని నెమ్మదిగా పైకి లేపాడు.

కళ్ళున్నాయి. నల్లటి చెక్కతో పొదిగిన పెద్ద పెద్ద కళ్ళు, రెప్పల వెంట్రుకలతో సహా. "అమ్మా, తల్లీ!" అన్నారు అత్తగారు. నేను "నీళ్ళు తగలకూడదు, నీళ్ళు" అంటూనే ఉన్నాను, తడి పసుపూ కుంకుమా నుదుటి మీద పడిపోయాయి. పంతులుగారు మంత్రం అందుకున్నారు. ముందు గోమాత, వెనక అక్కా బావా లోపలికి వెళ్ళారు. ముహూర్తం దాటలేదు. ఆ గోమాతని మోసింది నేనే కాబట్టి, కొత్తింట్లో మొదటి అడుగు నాదేనని ఇప్పటికీ బావకి గుర్తుచేస్తుంటాను.

పాలు పొంగాక తాతకి క్షమాపణ చెప్పుకుని, ఎవరికీ కనబడని కళ్ళకి అంత కష్టపడటం ఎందుకని అడిగాను. "నీకు కనబడటానికి కాదోయ్, దానికి కనబడొద్దూ?" అన్నాడు. ఆవుని ఎందుకు ముందు తీసుకెళ్తారో అక్కనడిగి తెలుసుకుని, జుట్టుని మళ్ళీ అంటించి, "ఇల్లు చూసిన ఆవుని ఇంక బయటికి తీసుకెళ్ళను" అంటూ గోడకి మేకు కూడా తనే కొట్టాడు. మేళాకి కోట బొమ్మ తీసుకుని వెళ్ళాడు. పులిహోర పొట్లం కూడా పట్టుకెళ్ళాడు.

తాత ఇప్పుడు కొలరాడోలో కూతురి దగ్గర ఉన్నాడు. ఆయన లేని ఆ గరాజ్ తలుపు మూసి ఉండటం చూస్తే నాకు ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. ఆవు మాత్రం అక్క హాల్లో అలాగే ఉంది. ఆ తర్వాత పుట్టి, దాని కళ్ళు ఎన్నడూ చూడని మేనకోడలు, "మామా, నీ హెయిర్ అంతా కౌ తీసుకుందా?" అంటుంది నా బట్టతల మీద చెయ్యి వేసి. మొన్న ఆ పిల్ల గ్రాడ్యుయేషన్ పార్టీకి ఫుడ్ ఎవరు ఆర్డర్ చేస్తారని మాటొస్తే నేను ఉండబట్టలేక, "నేను చూసుకుంటాగా" అన్నాను. బావ పేపర్ ప్లేట్లు సర్దుకుంటూ తలెత్తకుండానే, "ఐతే ఇంకొకళ్ళకి కూడా చెప్పి ఉంచుదాం" అన్నాడు. నేను గోడ మీది ఆవువైపు చూశాను. సిగ్గేస్తే మొహం దాచుకోవడానికి దానికి జుట్టైనా ఉంది.