పాకం వేళకి ఫైనల్

మా అన్నయ్య కూతురు దేశం తరఫున హ్యాండ్‌బాల్ ఆడుతుందంటే మా ఊళ్లో సగంమంది ఇప్పటికీ వాలీబాల్ అనే అనుకుంటారు. నేను అనకాపల్లిలో ఒక స్కూల్లో పీటీ టీచర్ని. ఆ పిల్లకి బంతి పట్టుకోవడం నేర్పింది నేనే. అందుకని ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. జట్టుకి ఏడుగురు, చేత్తో విసిరి గోల్ కొట్టాలి అని ఎన్నిసార్లు చెప్పాలి?

ఊళ్లోవాళ్ల సంగతి అలా ఉంచితే, అన్నయ్యే మొన్నటిదాకా ఆ పిల్ల ఆడిన ఒక్క మ్యాచ్ చూడలేదు. కోపమేం లేదు, వద్దని అన్నదీ లేదు. ప్రతి క్యాంపుకీ తనే రైలెక్కించి వచ్చేవాడు. కానీ మ్యాచ్ అనగానే ఆయనకి చెరకు గుర్తొస్తుంది. విశాఖపట్నంలో ఆడితే ఇక్కడ నాట్లు, విజయవాడలో ఆడితే ఇక్కడ నీళ్ల వంతు. "అంతమంది సూత్తారు గదా, నేనెందుకు," అనేవాడు. పిల్ల నవ్వేసేది. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు, ఆయనకి తెలీదు.

ఈ చలికాలంలో చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి ఆడుకునే పెద్ద పోటీలు జరిగాయి. పరుగుపందాలు, ఈత, కుస్తీ, అన్నీ ఉన్నాయి. హ్యాండ్‌బాల్‌లో మా పిల్ల జట్టు ఫైనల్‌కి వచ్చింది. ముందురోజు ఫోన్ చేసింది. తిన్నావా, మోకాలు ఎలా ఉంది అని నేను అడుగుతూ ఉంటే మధ్యలో ఆపేసింది.

"అత్తా, రేపైనా నాన్న సూత్తాడా?"

"సూత్తాడు. సూడకపోతే నేనే సూపిత్తాను," అన్నాను.

గొప్పగా మాటిచ్చేశాక తెలిసింది, సరిగ్గా ఆ మధ్యాహ్నమే బెల్లం గానుగ దగ్గర అన్నయ్య వంతని. చెరకు కొట్టేశాక ఆగడానికి ఉండదు. రసం తీశాక అసలే ఆగకూడదు. పెద్ద పెనంలో రసం మరిగి మరిగి పాకానికి వస్తుంది. పెనం చుట్టూ ఎంతమంది ఉన్నా పాకం చూసేది ఒక్కరే. ఆ మనిషి "దించండి" అనేదాకా ఇంకెవరూ పెనం మీద చెయ్యి వెయ్యరు. మా చుట్టుపక్కల పాకం చూడటంలో అన్నయ్య పెట్టింది పేరు. ఆయన్ని అక్కణ్ణుంచి కదపడం నా తరం కాదు.

సరే, మనిషి మ్యాచ్ దగ్గరికి రాకపోతే మ్యాచే మనిషి దగ్గరికి వెళ్తుందని ఫోన్ పట్టుకుని గానుగ దగ్గరికి పోయాను. చెరకు మోపుకి ఆనించి పెట్టాను. అన్నయ్య రసం మీద తేలిన మడ్డి తీస్తూ ఒక కన్ను పెనం మీద, ఒక కన్ను ఫోన్ మీద వేశాడు.

"మన పిల్లేది?"

"కుడి మూల. పన్నెండో నెంబరు."

"ఎడం సేత్తో ఇసురుతాందేటి?"

చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం తింటోందని మొట్టికాయలు వేసింది ఈ మహానుభావుడే. కుడి మూల నుంచి గోల్ కొట్టడానికి ఎడంచేతివాటం వాళ్లకోసం కోచ్‌లు ఊళ్లన్నీ గాలిస్తారని చెప్పాను. "అలగా," అన్నాడు, గరిటె ఆపకుండా.

రెండో సగం చివర్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అప్పుడు మా పిల్ల, గోల్ వైపు దూసుకుపోతున్న అమ్మాయి జెర్సీ వెనకనుంచి పట్టి లాగింది. రిఫరీ రెండు వేళ్లు ఎత్తాడు. పిల్ల తలదించుకుని బయటికి నడిచింది.

"అయిపోయింది, ఔటైపోయింది. ఆపీ ఆ ఫోను," అని అన్నయ్య మొహం తిప్పుకున్నాడు.

"ఇది క్రికెట్ కాదన్నయ్యా! రెండు నిమిషాలు బయట కూకోవాలి. మళ్లీ దిగుతాది."

"రెండు నిమిషాలా?"

వచ్చి ఫోన్ ముందు గొంతుక్కూచున్నాడు, చేతిలో గరిటెతోనే. మనవాళ్లు ఒకరు తక్కువై ఆడుతున్నారు. ఒక గోల్ పడింది. ఇంకొకటి పడింది. కెమెరా మా పిల్ల మీదికి వెళ్లింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూచుంది.

"ఏడుత్తాందా?"

"సెమట," అన్నాను. అబద్ధం.

వెనకనుంచి పక్క పొలం బావ పిలిచాడు. "బావా, పాకం వచ్చినట్టుంది."

"ఉండు."

నలుగురు మగాళ్లు పెనం దించే కర్రలు పట్టుకుని నిలబడ్డారు. పొయ్యి భగభగమంటోంది.

"బావా, ముదిరిపోతాది!"

"ఉండవో బావా, పిల్ల దిగుతాంది!"

దిగింది. దిగీ దిగగానే బంతి కుడి మూలకి వచ్చింది. గీత అవతలనుంచి ఒక్క ఎగురు ఎగిరింది. గోల్‌కీపర్ చేతులు పైకి లేచేదాకా గాలిలోనే ఆగి, ఆమె చంక కిందనుంచి కొట్టింది. అన్నయ్య అరిచిన అరుపుకి గరిటె ఎగిరి నా చున్నీ మీద పడింది.

అప్పుడొచ్చింది వాసన.

"దించండి, దించండి!" అన్నాడు గాని ఏం లాభం? పెనం కిందికి దిగేసరికి పాకం నల్లగా మాడి అడుగంటింది. ఇన్నేళ్లలో ఆ మనిషి చేతిలో ఒక్క పెనం మాడలేదు.

"ఇప్పుడేటి సేత్తాం?" అన్నాడు బావ నెమ్మదిగా.

"ఏటి సేత్తాం, మేచ్ సూడు," అన్నాడు అన్నయ్య.

కర్రలు పక్కన పడేసి అందరూ ఫోన్ చుట్టూ చేరారు. చివరికి ఒక్క గోల్ తేడాతో గెలిచారు. నేను ఏడ్చాను. స్కూల్లో పిల్లలందరూ నన్ను చూసి హడలిపోతారు, వాళ్లెవరూ అక్కడ లేకపోవడం నా అదృష్టం.

గంట తర్వాత మెడలో పతకంతో వీడియో కాల్ చేసింది. "నాన్న సూసేడా అత్తా?" అంది, ఇంకో మాట లేకుండా. నేను జవాబు చెప్పకుండా ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

అన్నయ్య మెడ గోక్కున్నాడు.

"నాన్నా, బెల్లం వంటయిపోయిందా?" అని అదే అడిగింది.

"లేదమ్మా. మాడిపోయింది."

"పాకం ఎవరు సూసేరు?"

"నేనే."

మా పిల్ల వెనక్కి తిరిగి, జట్టువాళ్లందరికీ వినపడేలా, మా నాన్న బెల్లం మాడ్చేశాడని హిందీలో గట్టిగా అరిచింది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. ఆ పిల్లలకి ఏం అర్థమైందో గాని, వాళ్లూ చప్పట్లు కొట్టారు.