నేను శత్రువనుకున్న సిస్టర్

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకు వందనాలు. ఆసుపత్రిలో నన్ను పడగొట్టాలని చూస్తున్న శత్రువు బయటపడాలని మూడు శుక్రవారాలు మీరు ఉపవాసముండి కన్నీళ్లతో ప్రార్థించారు. ఆ శత్రువు ఎవరో నేను మీకు చెప్పలేదు, ఇవాళ చెబుతాను. ఎందుకంటే ఆ ప్రార్థన నేను తప్పుగా అడిగించాను, దేవుడు మాత్రం సరిగానే విన్నాడు!

మాది కరీంనగర్, మా బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. నేను నర్సు కోర్సు చదివి ఆసిఫాబాద్ వైపు ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డులో చేరాను. చేరిన కొత్తలో ఒక బాలింతకు వేయాల్సిన ఇంజెక్షన్ పక్క మంచం ఆమెకు వేయబోయాను. ఆమే తన పేరు చెప్పి ఆపింది, ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రోజు నుంచి నాలో ఒక భయం తిష్ట వేసింది. ఆ భయం ఎలాంటిదంటే, మందు సీసా మీది పేరు నాలుగుసార్లు చదివినా ఐదోసారి చదవకపోతే చెయ్యి ముందుకు పోయేది కాదు, తాళం వేసిన బీరువా దగ్గరికి మళ్లీ వెళ్లి లాగి చూసేదాన్ని, మొదట నా కళ్లను అనుమానించాను, తర్వాత నా చేతులను, ఆ తర్వాత మనుషులను, అందరికంటే ఎక్కువగా విజయక్కను!

విజయక్క నాకంటే పదేళ్లు సీనియర్. ప్రమాదకరమైన మందు వేసేముందు ఇద్దరు నర్సులు కలిసి చూడాలి, ఒకరు పైకి చదివితే ఒకరు వినాలి, అది మా వార్డు పద్ధతి. నేను ఆమెను పిలవడం మానేశాను, పిలిస్తే నా తప్పు పట్టుకుంటుందని. నేను మందు తీస్తుంటే ఆమె తలుపు దగ్గర నిలబడేది, అది నిఘా అనుకున్నాను. ఏటా కొండగట్టు అంజన్న గుడికి పోయే మనిషికి నా ప్రార్థనలు గిట్టవనుకున్నాను. ఆమె ఇచ్చిన చాయ్ కూడా అనుమానంగానే తాగాను.

గత వానాకాలం లచ్చుబాయి అనే అమ్మాయికి కాన్పయ్యాక బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఫిట్స్ ఆపే మందు నాలుగు గంటలకోసారి వేయాలి. అది ఒంట్లో ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుంది, అందుకని ప్రతిసారీ ఊపిరి లెక్కపెట్టి, మోకాలు తట్టితే కాలు కదులుతుందో లేదో, మూత్రం ఎంత వచ్చిందో చూశాకే వేయాలి. పొద్దున ఏడింటికి అంతా బాగున్నట్టు విజయక్క రాసింది. పదకొండింటికి నేను వెళ్లేసరికి సంచిలో మూత్రం చాలా తక్కువగా ఉంది. పేషెంటుకు ఏదో అవుతోందని నాకు అనిపించాలి కదా! విజయక్క మధ్యలో సంచి ఖాళీ చేసి, రాయకుండా వదిలేసి నన్ను ఇరికించిందని అనిపించింది. నింపిన సిరంజి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె రాసిన కాగితం తిప్పి తిప్పి చదువుతున్నాను.

లచ్చుబాయి అత్త నా చెయ్యి పట్టుకుంది. "సిస్టరమ్మా, ఎంతసేపు గా కాయితమే చూస్తవ్? మా పిల్లను జర చూడు, పిలిస్తే పలుకుతలేదు."

అన్ని నెలలూ నన్ను కాపాడు అని తప్ప ఇంకో ప్రార్థన చేయని నేను, అప్పుడు మనసులో అన్నాను: "ప్రభువా, నాకేం సమజైతలేదు. నా వణుకు ఉంటే ఉండనియ్యి, గీ పిల్లను సక్కగ చూడనియ్యి."

వణుకు పోలేదు, సహోదరులారా. కానీ సిరంజి ట్రేలో పెట్టేశాను. లచ్చుబాయి ఛాతీ మీద చెయ్యి వేసి నిమిషం పాటు లెక్కపెడితే ఊపిరి పదిసార్లే ఆడింది. మోకాలు తట్టాను, కదల్లేదు. సరిగ్గా తట్టానో లేదో అని మళ్లీ అనుమానం! అప్పుడు ఎవరిని పిలవకూడదనుకున్నానో ఆమెనే పిలిచాను. "విజయక్కా, జర రా. నా మీద నాకు నమ్మకం లేదు, నువ్వు కూడ చూడు."

ఆమె తలుపు దగ్గరే ఉంది. వచ్చి మోకాలు తట్టి, మందు వేయొద్దని చెప్పి, ఆక్సిజన్ పెట్టి డాక్టరును పిలిపించింది. విరుగుడు ఇంజెక్షన్ వేశాక కాసేపటికి లచ్చుబాయి కళ్లు తెరిచి బిడ్డను అడిగింది. దేవునికే మహిమ! సంచి ఎవరూ ఖాళీ చేయలేదు, మూత్రం రాకనే మందు ఒంట్లో పేరుకుపోయింది. విజయక్క రాసిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

తలుపు దగ్గర ఎందుకు నిలబడతావని సిగ్గుపడుతూ అడిగాను. "నువ్వు వణుకుడు చూస్తనే ఉన్న. నేనే వస్తే ఇంకింత బుగులు పడ్తవని, పిలుస్తవేమోనని నిలబడ్డ" అంది. మన మూడు శుక్రవారాల సంగతి కూడా ఒప్పుకున్నాను. నవ్వి, "పోనీ తీ, నా కోసం గూడ ఎవరో ప్రార్థన చేసిన్రు" అంది.

మీ ప్రార్థనకు బయటపడిన శత్రువు విజయక్క కాదు, నా భయమే. అది పూర్తిగా పోయిందని చెప్పను, అలా చెప్పేవాళ్లను ఇప్పటికీ కొంచెం అనుమానంగానే చూస్తాను. డాక్టరు దగ్గరికి కూడా వెళ్తున్నాను, దాన్ని అవిశ్వాసం అనుకోకండి. మీలో ఎవరైనా నాలాగే పక్కవాళ్లను చూసి బెదురుతుంటే, ప్రభువును నమ్మండి, ఆయన మీ పక్కన పెట్టిన మనిషిని ఒక్కసారి నోరు తెరిచి పిలవండి. నేను ఇంకాసేపు అనుమానిస్తూ నిలబడి ఉంటే, ఆ పసిబిడ్డకు తల్లి ఉండేది కాదు.