కలుగులోని కంకులు

తెనాలిలో మట్టిబొమ్మల ప్రదర్శన రేపనగా మా చెల్లెలు బాపట్ల నుంచి వచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. నేను రేపల్లెలో ఉంటూ బొమ్మలు చేసి కాలుస్తాను. హాల్లోకి వస్తూనే నా బొమ్మ పక్కనున్న అట్ట చదివింది. నా పేరు, ఇంటిపేరు, కింద 'యానాదుల కూడు' అని ఉంది. పెళ్ళయినా బడిలో తనదీ ఆ ఇంటిపేరే.

బొమ్మ పొలంగట్టును నిలువునా కోసినట్టుంటుంది. లోపల వంకర్లు తిరిగిన కలుగు, అందులో ఎలుకలు, చివర అవి దాచుకున్న వరికంకులు. గట్టు మీద, ఎలుకల్ని బయటికి తరమడానికి అమ్మ పొగబెట్టే కుండ.

"కంకులుంచు. ఎలుకలు తీసెయ్," అంది.

"కంకులు ఎవరివనుకున్నావే? ఎలుకలవే. అమ్మ కలుగు తవ్వి తెచ్చి దంచితేనే నీకు అన్నం. ఎలుకల్ని కాలిస్తేనే కూర. తొడ ముక్క కోసం నన్ను గిల్లేదానివి, మర్చిపోయావా?"

"మెల్లిగా మాట్లాడక్కా. రేపు మా టీచర్లు పిల్లల్ని తీసుకొస్తున్నారు. మనం ఎవరమో వాళ్ళకి తెలీదు."

"తెలిస్తే ఏంటంట?"

"మధ్యాహ్నం అందరం డబ్బాలు కలుపుకుని తింటాం. నా డబ్బాలో చెయ్యి పెట్టి కూర తీసుకుంటారు. రేపటి తర్వాత కూడా పెడతారని నువ్వు పూచీ పడతావా?"

ఆ పూచీ నేను పడలేను. అయినా నోరు ఊరుకుంటేగా. "పంట పాడుచేసే ఎలుకల్ని పట్టమని రైతులే మనల్ని పిలిచేవాళ్ళు. పడితే మంచిది, తింటే రోతా?"

"పోనీ, ఇంటిపేరన్నా కొట్టెయ్."

"నీకు బరువైతే నీది కొట్టేసుకో."

ఆ రాత్రి ఇద్దరం ఒకే గదిలో చెరో గోడ వైపు తిరిగి పడుకున్నాం.

మర్నాడు ఆ టీచర్లు పిల్లలతో వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ అట్ట చదివి చెల్లెలి వైపు తిరిగింది.

"మీ ఇంటిపేరే కదండీ?"

చెల్లెలు నా వైపు చూడలేదు. కాదని అబద్ధమాడితే నేను ఊరుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

"అవునండి. మా అక్కే చేసింది."

"మరి ఇవి... మీరు కూడానా?"

"చిన్నప్పుడు తిన్నానండి. బాగుంటాయి."

ఆవిడ పిల్లల్ని పక్క బొమ్మ దగ్గరికి నడిపించింది.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. "డబ్బాలో చెయ్యి పెట్టారా?"

"ఒకావిడ పెట్టింది. మిగతావాళ్ళకి ఆకలి లేదంట."

"ఏం కూరే?"

"వంకాయ. రేపూ అందరికీ సరిపడానే పట్టుకెళ్తా."