కైంచి లిఫ్టు మీద ఒక్క మాట

బొంబాయి కామాటిపురలో పాతవాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే ముందు నవ్వి, తర్వాతే "బాగున్నవా సక్కుబాయీ?" అని అడుగుతారు. ఆ నవ్వు ఎక్కడిదో కొత్తవాళ్ళకు తెలియదు. అడిగినవాళ్ళకు మా ఆయన చెబుతాడు. ఆయన చెప్పే కథలో రోజు తప్పు, హాలు ఎత్తు తప్పు, ఆఖరికి నేను కట్టుకున్న చీర రంగు కూడా తప్పే. అందుకని నేనే రాస్తున్నాను. ఒక పెళ్ళిహాలును, ఒక కరెంటు యంత్రాన్ని, నా కాపురాన్ని ఒక్క పొద్దుటిపూటలో ముంచబోయిన ఘనత నాది. హాలూ యంత్రమూ ఎలాగో గట్టెక్కాయి. కాపురం సంగతి మీరే చదివి తేల్చండి.

అది ఎనభై ఆరో సంవత్సరం, ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజులు. మా మేనమామ రాజన్న రంగుల కాంట్రాక్టులు పట్టేవాడు. అప్పటిదాకా ఆయనకు దొరికినవి చాళ్ళలో, అంటే కూలీల వాటాల ఇళ్ళలో, గదులకు సున్నాలు, దుకాణాల షట్టర్లకు రంగులు. మొదటిసారి నాగ్‌పాడా వైపు ఒక పెద్ద పెళ్ళిహాలు కప్పుకు రంగు వేసే పని వచ్చింది. మంగళవారం పొద్దున అక్కడ పెళ్ళి; ఆ రోజుల్లో హాలు దొరికిన రోజే ముహూర్తం. ఆలోపు కప్పు పూర్తయితే హాలు యజమాని సేఠుకున్న మిగతా హాళ్ళ పని కూడా మామకే. పూర్తికాకపోతే మళ్ళీ షట్టర్లే.

ఆ పనికి నేను ముకాదంను, అంటే కూలీల మీద పెత్తనం చేసే మనిషిని. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి పాసయ్యాను కాబట్టి లోకంలోని తెలివంతా నా కొంగు ముడిలోనే ఉందనుకునే వయసు. మా ఆయన రాములు వెదురు బొంగులతో పరంజా కట్టడంలో పేరున్నవాడు. ఆయన కట్టిన పరంజా మీద ఏనుగును నిలబెట్టి రంగు వేయించినా ఊగదని మామ అనేవాడు. నాకు మాత్రం ఆ బొంగులు, ఆ తాళ్ళు చూస్తే కోతులు కాపురముండే చోటులా అనిపించేది.

వర్లిలో ఒక మిల్లు గోదాములో కైంచి లిఫ్టు ఉందనీ, అద్దెకిస్తారనీ విన్నాను. అడుగున బ్యాటరీ, చక్రాలు. మధ్యలో కైంచీల్లా, అంటే కత్తెరల్లా, అడ్డదిడ్డంగా మడిచిన ఇనుప కాళ్ళు. పైన మనిషి నిలబడే బుట్ట. కింద తాళంచెవి తిప్పి, బుట్టలో మీట నొక్కితే ఆ కాళ్ళు విచ్చుకుని మనిషిని కప్పు దాకా ఎత్తుతాయి. విన్న క్షణం నుంచి నాకు నిద్ర లేదు.

"మామా, ఈ మిషన్ వస్తే బొంగులెందుకు? అన్నీ వాపస్ పంపించెయ్యి."

"రాములు ఏమనుకుంటడో బిడ్డా..."

"ఏమనుకుంటడు? బుట్టల నిలవడి దొరలెక్క రంగేసుకుంటడు."

మా ఆయన నాతో వాదించలేదు. బొంగులను చేతిబండి మీద పేర్చి తాడు బిగిస్తూ, "వీటికి తాళంచెవి లేదు, పోయే బాధ లేదు" అని బొంగులతోనే చెప్పాడు.

శనివారం పొద్దున మిల్లు నుంచి షిందే మిస్త్రీ యంత్రాన్ని తెచ్చి దించాడు. ఆయన మరాఠీ మనిషి. బ్యాటరీ నిండా ఉందనీ, సోమవారం దాకా ఛార్జింగ్ అక్కర్లేదనీ చెప్పి, తాళం చూపించాడు. ఇటు తిప్పితే చాలూ, అటు తిప్పితే బంద్. ఇంత సులువైన సంగతిని కూడా కూలీలకు అరటిపండు వలిచి పెట్టినట్టు చెప్పడం ముకాదం ధర్మం కదా! యంత్రానికి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సన్న కుంచె తెల్ల రంగులో ముంచి తాళం పక్కన గుండ్రటి తెలుగు అక్షరాలతో రాశాను: "చాలు". అవతలి వైపు ఏమీ రాయలేదు. ఒక వైపు ఏమిటో తెలిశాక రెండో వైపు తెలియనివాళ్ళు ఉంటారా? పైగా అక్షరాలు ఎంత ముద్దుగా కుదిరాయంటే, పక్కన ఇంకో మాట పెడితే దిష్టి తగులుతుందనిపించింది.

తాళం దగ్గర కాపలాకు ఎల్లమ్మను పెట్టాను. పాలమూరు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల. ఊళ్ళో రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. బొంబాయి మొత్తం మీద తెలుగు అక్షరం ఎక్కడ కనబడినా నిలబడి గట్టిగా చదివేది. మరాఠీ, హిందీ ఇంకా చెవికి ఎక్కలేదు.

మా ఆయన మొహం మాడ్చుకునే బుట్ట ఎక్కాడు. లిఫ్టు మెత్తగా లేచింది. నేను కింద నుంచి మహారాణిలా చూశాను. మధ్యాహ్నం వర్లిలో మా చెల్లెలింటికి పోతూ, "ఎల్లమ్మా, పొయ్యేటప్పుడు మిషన్ బంద్ చేసి పో. తాళం కాడ రాసి పెట్టిన, చదువుకో" అన్నాను.

"చదువకుంట ఎట్లుంటనక్కా?" అంది ఎల్లమ్మ.

ఆదివారం సెలవు. సోమవారం పొద్దున పనిలోకి దిగాం. మా ఆయన మంగళవారం అని చెబుతాడు, నమ్మకండి. మంగళవారం పెళ్ళి, పెళ్ళిపీటల మధ్య లిఫ్టు నడిపామా? ఆయన రంగు డబ్బాతో బుట్ట ఎక్కి మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. యంత్రం అలిగిన కొత్తల్లుడిలా బిగుసుకు కూర్చుంది.

"ఏమే సక్కూ, నీ మిషన్ లేస్తలేదు."

"నువ్వు సక్కగ నొక్కుతలేవు. ఎల్లమ్మా, తాళం చూడు! చాలు మీదనే ఉన్నదా?"

"చాలు మీదనే ఉన్నదక్కా. శనివారం నుంచి ఎవ్వలు ముట్టలే."

"శభాష్!" అన్నాను.

ఇక్కడ కాస్త ఆగి, నేను అన్న ఆ శభాష్‌ను ఇంకోసారి చదువుకోండి. సమాధానం నా చెవిలో పడ్డాక కూడా పిల్లను మెచ్చుకున్న ముకాదం కామాటిపురలో నేనొక్కదాన్నే.

ఎర్ర బటన్ నొక్కుకుపోయి ఉంటే యంత్రం లేవదని షిందే చెప్పాడు. కింద ఒకటి, బుట్టలో ఒకటి ఉంటాయి. కింది దాన్ని లాగి చూశాను, అది సరిగానే ఉంది.

"పైన ఎర్ర బటన్ గుంజు!"

"గుంజిన."

"గట్టిగ గుంజు!"

"ఇంక గుంజితే చేతికొస్తది. ఇంటికి తేవాల్నా?"

బ్యాటరీ మూత తెరిచాను. తీగలు బిగించిన చోట పచ్చటి చిలుము. అమ్మవారి గుడిలో ఇత్తడి గంటకు పట్టినట్టే ఉంది. ఇత్తడికి మందు నాకు తెలియదా? తీగలు ఊడదీయించి, చింతపండు తెప్పించి, ఆ చోట్లను బంగారంలా మెరిసేలా తోమాను. తీగలు మళ్ళీ బిగించాం. చూడడానికి ఎంత అందంగా ఉందంటే, ఆ బ్యాటరీకి పిల్లను ఇవ్వొచ్చు.

"ఎల్లమ్మా, తాళం ఒకసారి తిప్పి మళ్ళ చాలు చెయ్యి!"

ఎల్లమ్మ తాళం వదిలేసి, చేతులు దులుపుకుని, గోడకు చేరగిలబడింది.

"కూసున్నవేందే?"

"నువ్వే చాలు జెయ్యమంటివి గదక్కా."

కొత్త ఊరు, నీళ్ళు పడలేదు పాపం అనుకుని నేనే తాళం తిప్పాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. యంత్రం ఉలకలేదు. మామ హాలు ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాడు.

"మేనేజరు వచ్చి తొంగి చూసిపోయిండు బిడ్డా. కప్పు సగం తెల్లగ, సగం నల్లగ. పెండ్లికొడుకు సగం గడ్డం గీసుకోని లేచొచ్చినట్టున్నది."

"నీళ్ళల్ల ముంచితివి మామను," అని బుట్టలోంచి ఆకాశవాణి.

మామ ఇరానీ హోటల్‌కు పరుగెత్తి మిల్లుకు ఫోను చేశాడు. షిందే మిస్త్రీ బస్సు దిగి వచ్చి, మీటరు తీగలు బ్యాటరీకి ఆనించి, పెదవి విరిచాడు.

"బ్యాటరీ ఖలాస్. కోణీ చాలూ ఠేవలా?"

అంటే, ఎవరు దీన్ని నడుస్తుండగానే వదిలేసి పోయారని. ఆదివారమంతా తాళం అలాగే ఉండిపోయి బ్యాటరీ ఎండిపోయిందట. నాకు రక్తం మరిగింది. నడుముకు కొంగు చుట్టి ఎల్లమ్మ ముందు నిలబడ్డాను.

"బంద్ చేసి పొమ్మన్ననా లేదా?"

"అన్నవక్కా."

"రాసింది చదువుకోమన్ననా లేదా?"

"చదివినక్కా! తాళం మూతి చాలు అన్న అక్షరాల దిక్కే ఉండె. పనైపోయింది, ఇగ చాలు అని కదా? ఎవ్వలో మంచోళ్ళు నాకంటె ముందే బంద్ జేసిండ్రనుకోని, మిషన్‌కు మొక్కి పోయిన."

హాల్లో అందరూ ఆ తెల్ల అక్షరాల వైపు చూశారు. బొంబాయిలో పుట్టి పెరిగిన మాకు చాలూ అంటే నడుస్తున్నట్టు: ఫ్యాన్ చాలూ, రేడియో చాలూ. పాలమూరు నుంచి నిన్న దిగిన మనిషికి చాలు అంటే చాలు! ఏడో తరగతి పాసైన మహారాణి నడిచే వైపున ఆపమని రాసి, ఆపే వైపును ఖాళీగా వదిలేసింది. ముందుగా మా ఆయన నవ్వాడు. బుట్ట గడగడా ఊగిపోయింది. ఆ రోజు ఆ లిఫ్టు కదలడం అదొక్కటే.

మామ హిందీలో విప్పి చెబితే షిందే, "తెలుగు మే చాలూ మతలబ్ బస్?" అని, అంటే తెలుగులో ఆ మాటకు ఇక ఆపమనా అర్థమని, సామాను సంచి మీదే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఛార్జింగ్ ఎక్కాలంటే మర్నాడు పొద్దుటి దాకా ఆగాలన్నాడు. మర్నాడు పొద్దున బాజాలు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ దారి బుట్టలోంచి దిగి వచ్చి బీడీ వెలిగించుకుంటోంది.

"పరంజా కట్టు" అన్నాను.

"బొంగులా? అవి కోతులయి గదా. మిషన్ మీద ఇంకో మాట రాసి చూడు, లేస్తదేమో."

"మామ మొహం చూసన్న కట్టు. దండం పెడత."

"వినవడలే."

"దండం పెడతనయ్యా!" హాలు ప్రతిధ్వనించింది. మేనేజరు కూడా తొంగి చూశాడు.

అన్యాయంగా చెప్పను. ఆ మాట అయ్యాక ఆయన క్షణం ఆలస్యం చేయలేదు. వెళ్ళిన బొంగులే చేతిబండి మీద తిరిగి వచ్చాయి. ఆయన కోతిలా, అంటే గౌరవంగానే అంటున్నాను, పైకి పాకుతూ ముడులు వేశాడు. ఎల్లమ్మా నేనూ భుజాల మీద బొంగులు మోసి అందించాం. దీపాలు పెట్టే వేళకు కప్పంతా తెల్లబడింది. వేదిక పైన చేతికందని చిన్న ముక్క మిగిలితే పూలవాడు బంతిదండ వేలాడదీశాడు. సేఠు తల ఎత్తి చూసి మామ వీపు తట్టాడు. హాళ్ళన్నీ మామవయ్యాయి.

ఆ పెళ్ళి వర్లి తెలుగువాళ్ళది. మంచి మనుషులు, మమ్మల్ని కూడా భోజనానికి కూర్చోబెట్టారు. వడ్డించే ఆయన నా విస్తట్లో బూరెలు వేస్తూ, "చాలా అమ్మా?" అన్నాడు. ఎదుట మా ఆయన, పక్కన ఎల్లమ్మ, అవతల మామ, ముగ్గురూ ముద్ద ఆపి నా నోటివైపే చూస్తున్నారు. ఆ క్షణాన బూరెల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఆ మాట ఏ యంత్రం మీదా రాయను, ఏ మనిషి ముందూ పలకను. పెదవులు బిగించాను. ఆయన ఇంకో రెండు వేశాడు. నేను పలకలేదు. ఇంకో రెండు వేశాడు.

ప్రమాణం ఈనాటికీ తప్పలేదు. మొన్న డాక్టరు నా బరువు చూసి, "వడ్డించేటప్పుడు ఒక్క మాట అనలేవా అమ్మా?" అని కసిరాడు.

అనలేను డాక్టరుగారూ. చచ్చినా అనలేను.