పసుపు పూసిన టెంకాయ

మా నాయన పదిహేను రోజులకొక కార్డు రాసేవాడు. బెంగళూరు పేటలోకి నేను కాపురానికి వచ్చిన రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. అలాంటిది యుద్ధం నడుస్తున్న ఆ ఏడు, నాకు ఐదో నెలలో, కార్డులు ఆగిపోయాయి. యుద్ధం వల్లే ఆలస్యమని మా ఆయన అన్నాడు. నేను నమ్మలేదు. పోస్టుమాన్ వచ్చే వేళకు వీధి అరుగు మీద ఉండేది మా అత్త. జాబులు ఆమె చేతికే వచ్చేవి. ఆమే దాచిపెడుతోందని తేల్చుకున్నాను. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాను కూడా. ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా గట్టిపడింది.

ఏడో నెలలో ఒకరోజు పోస్టుమాన్ సంచిలోంచి టెంకాయ తీసి ఇచ్చాడు. గుడ్డ లేదు, కాగితం లేదు, పీచు ఒలిచిన ఉత్త టెంకాయ. ఒళ్లంతా పసుపు. దాని మీద నల్ల సిరాతో మా ఆయన పేరు, ఇంటి చిరునామా. అక్షరాలు వంకరటింకరగా ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. తపాలా ముద్ర అలుక్కుపోయి ఏ ఊరిదో తెలియలేదు. మా నాయన దస్తూరీ మాత్రం కాదు. ఆయనవి ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఇట్లాంటివి కూడా తీసుకుంటారా అప్పా?" అని అత్త అడిగింది.

"కాగితానికి కరువు గదమ్మా. తపాలా బిళ్లలు సరిగ్గా ఉంటే తీసుకుంటారు," అని పోస్టుమాన్ వెళ్లిపోయాడు.

అత్త దాన్ని నా ముందు పెట్టింది. "మీ ఊరిదేమో చూడవే. పసుపు పూసి ఉండాది, మంచిదే. కొట్టి పచ్చడి చేద్దాం."

మూడు దారులు కలిసే చోట పసుపు టెంకాయ కనిపిస్తే చుట్టు తిరిగి నడిచేవాళ్లం మేము. జాబు లేకుండా, కడుపుతో ఉన్న మనిషి ఇంటికి దాన్ని పంపిందెవరు? పైగా ఈమె నా చేత తినిపిస్తానంటోంది. అది ఇంట్లో ఉంటే నేను ఉండనన్నాను. సాయంత్రం మా ఆయన తీసుకెళ్లి చెరువులో పారేసి వచ్చాడు. అత్త పచ్చడికని తీసిన మిరపకాయలు మళ్లీ డబ్బాలో పోసేసింది. దానికీ నేనొక అర్థం తీశాను.

తొమ్మిదో నెలలో అమ్మ వచ్చి పురిటికి తీసుకెళ్లింది. దారి పొడుగునా నాయన సంగతి అడిగితే మాట దాటేసింది. ఇంటికి చేరాక చూస్తే ఆయన మంచం మీద నుంచి లేవలేదు. కుడి చెయ్యి ఒడిలో అలాగే పడి ఉంది. పక్షవాతం వచ్చి నాలుగు నెలలట. కడుపుతో ఉన్న పిల్లకు చెడ్డ కబురు చెప్పకూడదని అందరూ దాచారు. పక్కనే నా చిన్ననాటి పలక.

"వేరేవాళ్ల చేత రాయిస్తే నువ్వు అనుమానపడతావని ఎడమ చేత్తో రాసేది నేర్చుకున్నాడు," అంది అమ్మ. "జాబు రాసేదానికి కాలేదు. పసుపు టెంకాయ చూస్తే ఇంట్లో అంతా బాగుండారనుకుంటావని పంపినాడు. ఆ చిరునామాకే నాలుగు దినాలు పట్టె."

"టెంకాయ తియ్యగా ఉండెనా బిడ్డా?" అన్నాడు నాయన.

"ఉండె నాయనా. అత్త పచ్చడి చేసింది."

ఆయన ముఖం వెలిగింది. ఎడమ చెయ్యి ఎత్తి కిటికీ వైపు చూపించాడు. అక్కడ పసుపు పూసిన ఇంకో టెంకాయ ఉంది.

"నిన్ను బాగా చూసుకుంటాండాది గదా," అన్నాడు. "ఇది ఆయమ్మకు."

దాని మీద మా అత్త పేరు సగం దాకా వచ్చింది.