మంచు చేపలు, అత్తమ్మ విత్తనం

మా ఆయనకు చెప్పడం కంటే గోడకు చెప్పుకోవడం నయం. ఆర్మూర్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. వాళ్లు క్లాసులో నిద్రపోతారు గానీ తప్పుగా వినరు. ఈయన మెలకువగా ఉండి మరీ తప్పుగా వింటాడు.

నిరుడు పసుపు చేను పక్కన ఫారంపాండ్ తవ్వించి, ఫోన్‌లో వీడియోలు చూసి, ట్రౌట్ చేపలు పెంచుతానన్నాడు. అవి చలిదేశాల చేపలన్నాను. ఎందుకట్ల అన్నాడు. అన్నం తింటూనే వివరించాను. వేల ఏళ్ల కిందట ఉత్తరాది దేశాలను మంచు కప్పేసింది. మంచు చేరని కొన్ని నదుల్లో కొన్ని చేపలు బతికి మిగిలాయి. మంచు కరిగాక పారిన నీళ్ల వెంట అవే పైకెక్కి కొత్త సరస్సుల్లోకి చేరాయి. నీళ్లు తగ్గి దారులు తెగాక ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అక్కడ ఇవాళ ఏ సరస్సులో ఏ చేప ఉందో చాలావరకు ఆ పాత మంచు తేల్చిందే. మనకు ఆ మంచూ లేదు, ఆ చల్లదనమూ లేదు.

"అంటే నీళ్లు దొరికితే ఏడికైనా పోతయన్నట్టే గదా," అన్నాడు.

నేను కంచం తీసుకుని లేచాను.

చలికాలంలో ఎవరితోనో కొండప్రాంతం నుంచి చేపపిల్లలు తెప్పించి వదిలాడు. పసుపు తవ్వే దాకా అవి బాగానే ఈదాయి. దాంతో ఆయనకు పట్టపగ్గాల్లేవు. ఏటా పసుపు ఉడకబెట్టే ముందు విత్తనపు కొమ్ములు తీసిపెట్టి, నీడన కుప్పపోసి, పసుపాకు కప్పి, పైన పేడమట్టి మెత్తేది మా అత్తమ్మ. ఈసారి ఆ కొమ్ములను కూడా ఆవిరి డ్రమ్ములో పోయించాడు.

"నేను కాపురానికొచ్చిన కాడినుంచి కాపాడుతున్న విత్తనంరా గది," అంది అత్తమ్మ.

"ఇగ మనం పసుపు ఏసేదే లేదు. నువ్వూకో అమ్మా."

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అంతా ఉడికిపోయింది. ఉడికిన కొమ్ము ఇక మొలవదు. కొన్ని మిగిలితేనే మళ్లీ పుడతాయని కదా నేను మొత్తుకున్నది. ఆ ఒక్క ముక్క ఆయన చెవికెక్కలేదు.

ఎండలు ముదరగానే చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆయన గట్టు మీద కూలబడ్డాడు. జాలిపడాలని చూశాను. కోపమే వచ్చింది.

మిరుగం కార్తె వచ్చి వానలు మొదలయ్యేసరికి, పసుపు వేయడానికి అందరూ విత్తనపు కుప్పలు విప్పుతున్నారు. బయట విత్తనం కొందామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, ఆమెకు తన విత్తనమే కావాలి. అప్పుడు గుర్తొచ్చింది. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు విత్తనపు పసుపు వెంట పంపడం మా ఇంటి పద్ధతి. ఆలూర్‌లో ఉన్న మా ఆడబిడ్డకూ పంపాం. మంచు కప్పని నది ఒకటి మాకూ ఉందని ప్రాణం లేచొచ్చింది. అత్తమ్మ అటక మీది ఖాళీ సంచులు దించి దులపడం మొదలుపెట్టింది. నేను ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"మేం పసుపు ఇడిసిపెట్టినం వదినా. రెండేండ్ల సంది మక్కలే ఏస్తున్నం," అంది ఆడబిడ్డ. "విత్తనానికేం ఫికర్, అమ్మ తాన ఎప్పుడూ ఉంటది గదా అనుకున్నం."

అత్తమ్మ దులిపిన సంచులను మళ్లీ మడత పెట్టింది.