నిచ్చెన కింది మనిషి

మా పెదనాన్నను ఊళ్లో అందరూ పాముచెవుల మేస్త్రి అంటారు. పెచ్చులూడే స్లాబులు, విరిగిన మెట్లు, తుప్పు పట్టిన ఊచలు బయటపడ్డ బాల్కనీలు బాగుచేయడం ఆయన పని. నిచ్చెనెక్కి చిన్న సుత్తితో స్లాబును తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల గుల్లబారినచోట మొద్దుగా పలుకుతుంది. అక్కడ సుద్దముక్కతో సున్నా చుడతాడు. ఆ సున్నాలో ఉన్నదంతా కొట్టేసి, ఊచలు రుద్ది, కొత్త కాంక్రీటు కూరుతాడు. ఆయన గీసిన సున్నా తప్పిందని ఎవరూ అనలేదు.

నిజానికి ఆ చెవులు పనిచేయక ఆరేళ్లయింది. కాంక్రీటు పగలగొట్టే మిషను పాతికేళ్లపాటు వాటిని కొంచెం కొంచెంగా తినేసింది. మనుషుల మాటలైతే పెదాలు చూసి పట్టేస్తాడు. స్లాబుకి పెదాలుండవు కదా. అందుకని కింద నిచ్చెన పట్టుకుని మా పెద్దమ్మ వింటుంది. మొద్దు శబ్దం రాగానే నిచ్చెనను చిన్నగా కుదుపుతుంది. అది ఆయన పాదాలకు తెలుస్తుంది. పైన సున్నా పడుతుంది.

"నేనే ఎక్కి కొడతాను, నువ్వు కింద ఉండరాదూ" అని పెద్దమ్మ ఒకసారి అడిగిందట.

"పాముచెవులు నీకొచ్చాయని దండోరా వేయించనా?" అన్నాడట పెదనాన్న.

ఆ తర్వాత ఆవిడ జ్వరమొచ్చినా నిచ్చెన వదల్లేదు. ఆరేళ్లలో చెల్లెలని మా అమ్మ దగ్గరికి వచ్చి ఒక్క పూట ఉన్నది లేదు.

ఈమధ్య వాళ్ల వీధి చివర పసిపిల్లల బడిలో ఆయా కావాలన్నారు. పిల్లల్ని పడుకోబెట్టాలి, లేచాక మొహాలు కడగాలి. నీడపట్టున పని. టీచరు వచ్చి పెద్దమ్మనే అడిగింది, సోమవారంలోగా చెప్పమంది.

"ఈ చేతుల్తో ముట్టుకుంటే పసివాళ్లు గీరుకుపోతారేమోనే" అంది పెద్దమ్మ నాతో. నవ్వుతూనే అంది. కానీ ఆ వారమంతా అరచేతులకు నూనె రాసుకుంది.

శనివారం దర్జీ కొట్టు మీది బాల్కనీకి పని పడింది.

"మిషను కాసేపు ఆపు బాబూ, మా ఆయన వినాలి."

"పాముచెవులకి నా మిషను అడ్డమా అమ్మా?"

"నీ మిషను చప్పుడుకి పామైనా పారిపోతుంది."

దర్జీ నవ్వి మిషను ఆపి, అక్కడే కూర్చుని గుండీలు కుట్టుకోసాగాడు. సుత్తి తట్టుకుంటూ వచ్చింది. సరిగ్గా అతని కుర్చీ పైన మొద్దుగా పలికింది.

పెద్దమ్మ చెయ్యి కదల్లేదు.

ఇక్కడొక్క సున్నా తప్పితే చాలు. ఏదో ఒకరోజు పెచ్చు ఊడుతుంది, మేస్త్రి పేరు పోతుంది, ఇంకెవరూ పిలవరు. పిలవకపోతే నిచ్చెనా ఉండదు. అప్పుడు ఇదంతా అనుకున్నానని ఆవిడే నాకు చెప్పింది. ఈలోగా సుత్తి జానెడు దాటింది, రెండు జానలు దాటింది. దర్జీ తల వంచుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జారుతుంటే సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. మెడ వెనక జుట్టు పలచబడి చర్మం కనిపిస్తోంది.

పెద్దమ్మ నిచ్చెనను గట్టిగా కుదిపింది. పెదనాన్న తూలి, బాల్కనీ అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఒక్కో చోటా తట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. మళ్లీ కుదుపు తగిలినచోట సున్నా చుట్టాడు.

"దాటిపోయి మళ్లీ వెనక్కొచ్చారేం మేస్త్రిగారూ?"

"అనుమానమొచ్చింది" అన్నాడు పెదనాన్న, కిందికి చూడకుండా.

ఇంటికెళ్తూ దారిలో అడిగాడు. "చెయ్యి తిమ్మిరెక్కిందా?"

పెద్దమ్మ తలూపింది. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే జవాబు కోసం ఆవిడ మొహం చూడాలి.

సోమవారం పొద్దున మిగిలిన పనికి బయల్దేరారు. నిచ్చెన ముందు కొస ఆయన భుజం మీద, వెనక కొస ఆవిడ భుజం మీద. బడి గేటు దాటుతుండగా టీచరు పిలిచింది.

"ఏమ్మా, ఏం ఆలోచించారు? ఇవాళ చెప్పాలి కదా."

పెద్దమ్మ నడక తగ్గించింది. ముందున్న మనిషికి వినపడలేదు, ఆయన నడుస్తూనే ఉన్నాడు. నిచ్చెన భుజాన్ని లాగింది. ఆవిడ గబగబా రెండడుగులు వేసి అందుకుంది.

"ఇంకెవరినైనా చూసుకోండి టీచరుగారూ."

ఆ మాట టీచరుకి వినపడిందో లేదో పెద్దమ్మకు తెలియదు. భుజం మీద నిచ్చెన ఉంటే తల వెనక్కి తిరగదు.